కాళ్ళ రంగు

నైట్ డ్యూటీ దిగి, చేతులు రెండుసార్లు కడుక్కుని
కావలి నుంచి అల్లూరు మీదుగా స్కూటీ తోలుకుంటూ
ఇసకపల్లి ఉప్పు కయ్యల గట్టుమీద బోర్లా పడుకున్నాను.
కెమెరా కింద పాత చీర మడత.

ఈ కెమెరా ఖాదర్‌బాషా దగ్గర కొన్నది.
పదేళ్ళు నెల్లూరు పెళ్ళిళ్ళన్నీ తిరిగింది.
ఇప్పటికీ మనిషి ముఖం కనబడితే చాలు,
నన్నడగకుండానే అటు తిరిగి
దాని చుట్టూ పచ్చగడి కడుతుంది.
పిట్టకు కట్టదు.
పిట్టల్ని ఇంకా చుట్టాల్లో లెక్కేసుకోలేదు.

ముప్పై అడుగుల దూరంలో ఒక్క ఉలంకి.
పిచ్చుకంత ఉంటుంది.
వేడి బజ్జీని ముట్టుకునే పిల్లాడిలా
బురదను ముక్కుతో ముట్టి, తీసి, ముట్టి, తీసి.
పుస్తకం చెప్పేది ఒకటే:
కాళ్ళు నల్లగా ఉంటే లిటిల్ స్టింట్,
పసుపుపచ్చగా ఉంటే టెమ్మింక్స్ స్టింట్.
వీపు మీది గీతలూ రొమ్ము మీది మసకా
తలా ఒక రకంగా వాదించుకోవచ్చు.
కాళ్ళు మాత్రం సాక్ష్యం.

సాక్ష్యానికి మోకాళ్ళ దాకా బురద.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని.
ఆసుపత్రిలో రాత్రంతా నా పని పేర్లు పెట్టడమే.
ఓ పాజిటివ్. బి నెగటివ్. మలేరియా ఉంది. లేదు.
రక్తం ఎవరిదో తెలియకపోయినా
ఏమిటో తెలిసి తీరాలి.
'ఏమో' అని రాసే గడి రిపోర్టులో లేదు.
కాబట్టి నాకు ఆ కాళ్ళు కావాలి.

నొక్కాను. ముప్పై, అరవై, నూటపది.
ఎండ ఎదురుగా పడితే నలుపు.
మబ్బు కమ్మితే, ఒక్క క్షణం, ఎండు వేపపుల్ల రంగు.
పెద్దది చేసి చూస్తే
కాళ్ళూ లేవు, పిట్టా లేదు,
గళ్ళుగళ్ళుగా బూడిదరంగు నూకలు.

పలక భుజానేసుకుని తుపాకుల రవణమ్మ వచ్చింది.
"ఏందిమా, మూడు వారాల్నించీ చూస్తా ఉండా,
పొణుకున్నదానివి పొణుకున్నట్టే ఉండావు.
వొంట్లో బాగలేదా?"
స్క్రీను చూపించాను. ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టి చూసింది.
"ఉలంకి" అంది.
అవును, ఏ ఉలంకి?
కాళ్ళు నల్లవా పచ్చవా తెలియడం లేదు.

ఆమె నవ్వలేదు.
కాసేపు పిట్టను చూసి, తన కాళ్ళకేసి చూసుకుంది.
పిక్కల దాకా పేలిన ఉప్పు,
మడమ పగుళ్ళలో ఎండిన ఒండ్రు.
"కయ్యలో దిగినాక
కాళ్ళ రంగు ఎవురికి తెలస్తదిమా"
అని తూము దగ్గరికి పోయింది.

తూము తీసింది. కాలవ నీళ్ళు జారుకుంటూ వచ్చాయి.
పిట్ట కదల్లేదు.
కడుగుతాయి, కడుగుతాయి అనుకుంటూ ఊపిరి బిగబట్టాను.
బురద వదిలింది. నిజంగానే వదిలింది.
కాళ్ళు మాత్రం ఇప్పుడు నీళ్ళ కింద
వంకరటింకరగా, ఆకాశం రంగులో.

ఇక మిగిలింది తోక.
ఎగిరేటప్పుడు అంచులు తెల్లగా మెరిస్తే టెమ్మింక్స్.
ఎగిరింది.
నొక్కాను.

పిట్ట ఫొటోలో ఒక మూల, తుడిచేసిన సున్నంలా.
నడుమ, పచ్చగడిలో, రవణమ్మ.
కనుబొమల మీది ఉప్పురవ్వ కూడా లెక్కపెట్టొచ్చు.
కెమెరాకు చుట్టం దొరికింది.

సిగ్గుతో చెరిపేయబోతుంటే చెయ్యి పట్టుకుంది.
"ఉంచమా. కాయితం మీద ఒకటి తీసియ్యి.
ఆధార్ కార్డులో ఉండే మొకం నాది కాదని
బ్యాంకోడు రెండుసార్లు తిప్పి పంపినాడు."

స్కూటీ సీటు మీద నోటుపుస్తకం తెరిచాను.
ఇసకపల్లి. ఆదివారం. ఎనిమిది నలభై.
ఉలంకి, ఒకటి.
కాళ్ళు అని రాసి, పక్కన చాలాసేపు పెన్ను పట్టుకుని
ఏమో అని రాశాను.
కింద, మర్చిపోకుండా:
రవణమ్మకు పాస్‌పోర్టు సైజు, ఎనిమిది కాపీలు.